బాలమ్మ చెప్పబోయిన మాట

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మా ఇంటికి వస్తే చాయ్ తాగుతూ ఒకటే అడుగుతారు: "సార్, మీరు గెలిచిన పెద్ద కేసు ఏది?" ఓడినవాటి గురించి ఎవరూ అడగరు. నేను కూడా చాలాకాలం గెలిచినవే చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది కూడా గెలిచిన కేసే. ఇన్నాళ్లూ దాన్ని ఎవరికీ చెప్పలేదు.

మాది నల్లగొండ. మా బాపు, అంటే నాన్న, తాలూకా కచేరీలో మున్షీ. ఆయన దగ్గర చిన్నప్పుడే ఉర్దూ చదవడం, రాయడం పట్టుబడ్డాయి. తర్వాత హైదరాబాదులో వకాల్తు చదివి, మహబూబ్‌నగర్ సెషన్సు కోర్టులో సర్కారు తరఫు వకీలుగా చేరాను. ఎప్పుడు ఏ పదవి వచ్చిందో, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారో మీకు పనికిరాదు. పనికొచ్చేది ఒక్కటే. ఒకడు చేసిన నేరంలో ఇంకొకడికి పాలు ఉందని చెప్పే ముందు ఏం చూసుకోవాలి, చూసుకోకపోతే ఏమవుతుంది అన్నది.

ఎద్దుల మెడలో గంటలు

నాకు పని నేర్పింది మునీరుద్దీన్ సాబ్. నిజాం కాలంలోనే వకాల్తు మొదలుపెట్టిన పెద్దమనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రం, మనుషుల్ని చదవడం మాత్రం బాగా వచ్చు. ఆయన కింద చేరిన మొదటి ఏడే అమ్రాబాద్ అడవి నుంచి ఒక కేసు వచ్చింది. నలుగురు టేకు దుంగలు నరికారు. అడ్డం వచ్చిన అటవీ శాఖ జవాను చెయ్యి విరగ్గొట్టారు. దుంగలు మోసిన బండివాడు జంగయ్యను కూడా పోలీసులు ఐదో ముద్దాయిగా చేర్చారు. దుంగలు బండి మీదే దొరికాయి కాబట్టి నాకు అందులో అనుమానం కనబడలేదు.

మునీరుద్దీన్ సాబ్ కట్టు కట్టిన చేత్తో వచ్చిన ఆ జవానును కూర్చోబెట్టి అడిగారు.

"బండి వస్తున్నట్టు నీకు ఎట్ల తెలిసింది?"

"గంటల సప్పుడు ఇనవడె సాబ్. ఎద్దుల మెడలకు గంటలున్నయి."

సాబ్ కళ్లద్దాలు తీసి నావైపు చూశారు. "ఇన్నవా? దొంగ సొమ్ము మోస్తున్ననని తెలిసినోడు అడవిల గంటలు మోగించుకుంట పోతడా? వీనికి తెల్వదు. వీన్ని ఇడిసిపెట్టు."

జంగయ్య మీద కేసు ఉపసంహరించుకుంటున్నామని ఆయనే కోర్టుకు రాసిచ్చారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు కోపం వచ్చింది, నెల రోజులు మాతో మాట్లాడలేదు. సాబ్ లెక్కచేయలేదు. ఆ రోజు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "తెలిసినోడు చెయ్యని పని ఒకటి, తెల్వనోడు చేస్తడు. ప్రతి కేసుల గసొంటి పని ఎతుకు. దొరికితే దాచకు."

జంగయ్య విడుదలై వచ్చి మాకు దండం కూడా పెట్టలేదు. "నా ఎడ్లేవి సాబ్?" అన్నాడు. అతను జైల్లో ఉన్నన్ని రోజులూ బందెలదొడ్డిలో ఉన్న ఎడ్లలో ఒకటి మేత లేక చచ్చిపోయింది. రెండోదాన్ని పట్టుకుని, కాడి భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోయాడు. తప్పు లేని మనిషిని వదిలేసినా పాత బతుకు తిరిగి ఇవ్వలేమని అప్పుడు తెలిసింది. తెలిసినా నేను మరిచిపోయాను.

పక్కన నిలబడడం, పక్షాన నిలబడడం

ముప్పై నాలుగో సెక్షను మీరు చదివే ఉంటారు. నలుగురు ఒకే ఉద్దేశంతో ఒక నేరం చేస్తే, దెబ్బ ఎవరు కొట్టినా నలుగురూ కొట్టినట్టే. ఇది లేకపోతే గుంపుగా వచ్చి చంపినవాళ్లంతా "గొడ్డలి నా చేతిలో లేదు" అని తప్పించుకుంటారు. సెక్షను మంచిదే, చిక్కంతా ఉద్దేశం అన్న మాటలో ఉంది. అది మనిషి లోపల ఉంటుంది, పంచనామాలో రాసుకునే వస్తువు కాదు. అందుకే చాలాసార్లు పక్కన నిలబడ్డవాణ్ని పక్షాన నిలబడ్డవాడిగా లెక్కేస్తాం. మంచి వకీలుకు ఈ రెంటికీ తేడా తెలియాలి. సర్కారు వకీలుకు ఇంకా బాగా తెలియాలి, ఎందుకంటే ఆయన మాటకు కోర్టులో బరువు ఎక్కువ.

మల్లయ్య చావు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆత్మకూరు అవతల, కృష్ణ ఒడ్డు వైపు ఒక పల్లెలో మల్లయ్య అనే గొర్రెల కాపరి హత్య జరిగింది. అప్పటికి మునీరుద్దీన్ సాబ్ రిటైరై కాలం చేశారు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

మల్లయ్య గొర్రెలు వెంకటయ్య, లింగయ్య అనే అన్నదమ్ముల జొన్నచేలో పడ్డాయి. తమ్ముడు లింగయ్య కోపంతో ఒక గొర్రె కాలు విరగ్గొట్టాడు. మల్లయ్య ఊరుకోలేదు. ఆత్మకూరు అంగట్లో, పదిమంది ముందు, అన్న వెంకటయ్యను చేతికర్రతో బాదాడు. అంగట్లో దెబ్బలు తిన్న అవమానం ఆ అన్నదమ్ములు మరిచిపోలేదు. రెండు నెలలు మాటామంతీ లేకుండా గడిచాయి.

అదే ఊళ్లో నర్సయ్య అనే పద్మశాలి ఉండేవాడు. గుంట మగ్గం మీద ధోవతులు, చీరలు నేసేవాడు. రెండు వర్గాలకూ కావలసినవాడు. మల్లయ్యకైతే చిన్ననాటి నుంచి స్నేహితుడు, కులాలు వేరైనా వరుస కలుపుకుని "బావా" అంటే "బావా" అనుకునేవారు. మల్లయ్య భార్య బాలమ్మ నర్సయ్యను అన్నా అని పిలిచేది.

ఒక రోజు పొద్దెక్కాక నర్సయ్య మల్లయ్య ఇంటికి వెళ్లి పిలిచాడు. ఇద్దరూ కలిసి అన్నదమ్ముల మోటబావి వైపు నడిచి వెళ్లారు. బావి దగ్గర వెంకటయ్య, లింగయ్య, వెంకటయ్య బామ్మర్ది బుచ్చయ్య ఉన్నారు. వెంకటయ్య గొడ్డలితో, లింగయ్య కర్రతో మల్లయ్యను అక్కడే చంపారు. నర్సయ్య అరవలేదు, అడ్డం పోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇంటికి వచ్చి మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. రెండు రోజులు తినలేదు, నేయలేదు, భార్య లక్ష్మమ్మ ఎంత కదిపినా నోరు విప్పలేదు. మూడో రోజు పోలీసులు వచ్చి గుంటలోంచి లేపి తీసుకుపోతుంటే ఒక్క మాట అన్నాడట: "నేనే పిలిచిన."

తర్వాత ఠాణాలోనూ ఆ మాటే అన్నాడు. ముద్దాయిని అడిగే ప్రశ్నలు జడ్జిగారు అడిగినప్పుడు కోర్టులోనూ ఆ మాటే. ఎందుకు పిలిచావు, వాళ్లు చంపుతారని నీకు తెలుసా అని అడిగితే జవాబు లేదు.

బుచ్చయ్య రెండు మాటలు

చంపడం కళ్లారా చూసిన బయటి మనిషి లేడు. కేసు నిలబడాలంటే ముద్దాయిల్లో ఒకణ్ని సాక్షిగా మార్చాలి. బుచ్చయ్య కర్ర పట్టుకున్నాడు గానీ కొట్టలేదని తేలింది. అతనికి క్షమాపణ ఇప్పించి అప్రూవరుగా నిలబెట్టాం. చట్టం ఒప్పుకునే పనే, చాలా కేసుల్లో తప్పనిసరి కూడా. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. క్షమాపణ దొరికినవాడు తన మెడకు బదులు ఇంకొన్ని మెడలు ఇవ్వాలనుకుంటాడు. ఎన్ని ఎక్కువ ఇస్తే తన మెడ అంత భద్రమని అతని నమ్మకం.

బుచ్చయ్య మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం ఇది: "ముందురోజు మేం నలుగురం మోటబావి కాడ కూసున్నం. మల్లయ్యను సంపాలని అనుకున్నం. నేను పిలుచుకొస్త అని నర్సయ్య ఒప్పుకున్నడు."

అంతకు ముందు, పట్టుబడిన రోజే, ఠాణాలో అతను ఇంకో మాట చెప్పి ఉన్నాడు. పాత ఠాణాల్లో మున్షీలు అప్పటికీ ఉర్దూలోనే రాసేవారు. ఆ కాగితం కేసు కట్టలో ఉంది. నేను చదివాను. అందులో ఇలా ఉంది: మల్లయ్య మా మాట నమ్మి రాడు కనుక నర్సయ్యకు రాజీ చేసుకుంటామని చెప్పి పంపాము. మా మనసులో ఉన్నది అతనికి చెప్పలేదు.

ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివాను. తర్వాత కట్ట మూసేశాను.

ఆ కాగితం నకలు ముద్దాయిల వకీళ్లకు కూడా అందింది. నర్సయ్యకు వకీలును పెట్టుకునే స్తోమత లేదు. కోర్టే శేషగిరి అనే యువకుణ్ని ఇచ్చింది. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు, తెలివైనవాడు, నిజాయితీపరుడు. ఉర్దూ మాత్రం ఒక్క అక్షరం రాదు. జడ్జిగారూ, అన్నదమ్ముల వకీలూ ఆ వైపువారే. ఆ రోజు ఆ కేసు వాదించేవాళ్లలో, వినేవాళ్లలో ఆ కాగితం చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

బుచ్చయ్య సాక్ష్యం మొదలయ్యే ముందు చాయ్ విరామంలో శేషగిరి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ, ఆ ఉర్దూ కాగితాల్లో మాకు పనికొచ్చేది ఏమైనా ఉందాండీ? చదివించుకుందామంటే ఇంతవరకు వీలు పడలేదు."

అప్పుడు నేను చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం. "ఉంది, చదివించుకోండి" అంటే సరిపోయేది.

"ఏముంటుందండీ, పోలీసుల రాత. అన్నీ ఒకలాగే ఉంటాయి" అన్నాను.

ఆయన నమ్మాడు. పెద్దవాణ్ని కదా.

అలా ఎందుకన్నావని మీరు అడగవచ్చు. నర్సయ్య మీద నాకు పగ లేదు, ఎవరూ నాకు లంచం ఇవ్వలేదు. బుచ్చయ్య ఒక చోట అబద్ధమాడాడని తేలితే అన్నదమ్ములు కూడా విడుదలైపోతారని భయపడ్డాను. చంపినవాళ్లు తప్పించుకోకూడదు అనుకున్నాను. పైగా నర్సయ్య రెండు రోజులు నోరు మూసుకుని కూర్చోవడం నాకు కూడా అనుమానంగానే అనిపించింది. తెలియనివాడైతే ఊరంతా లేపేవాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయానికీ, సిగ్గుకూ, దుఃఖానికీ మనిషి రాయి అయిపోతాడని అప్పటికి నా అనుభవంలో లేదు.

బోనులో బాలమ్మ

అప్రూవరు మాట ఒక్కటే చాలదు. ప్రతి ముద్దాయి విషయంలోనూ దానికి బలమిచ్చే ఇంకో సాక్ష్యం కావాలి. నర్సయ్య విషయంలో ఆ సాక్ష్యం బాలమ్మది. పిలిచాడు అని ఆమె చెబితే చాలు. మర్నాడు ఆమెను పిలిపించాను.

"ఆ రోజు పొద్దున మీ ఇంటికి ఎవరొచ్చిండ్రు?"

"నర్సన్న వచ్చె సారూ."

"నీ పెనిమిటిని పిలిచిండా?"

"పిలిచె."

"నీ పెనిమిటి ఆయన ఎంబడి పోయిండా?"

"పోయె."

"మళ్ల ప్రాణంతోని చూసినవా?"

"లేదు సారూ." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు కావలసింది అంతే. కూర్చోబోతుంటే ఆమె ముద్దాయిలు నిలబడ్డ చోటు వైపు చూసింది. నర్సయ్య తల వంచుకుని ఉన్నాడు.

"సారూ, ఇంకొక మాట. పోయేముంగట నర్సన్న నన్ను..."

"అడిగినదానికే చెప్పాలమ్మా."

"గది కాదు సారూ, వండుమని..."

"నా ప్రశ్నలు అయిపోయాయి" అని జడ్జిగారికి చెప్పి కూర్చున్నాను.

ఆమె ఏం చెప్పబోయిందో నాకు నిజంగా తెలియదు. కానీ నర్సయ్యకు మేలు చేసే మాటేనని ఆమె చూపుతోనే తెలిసింది. అందుకే ఆపాను. జడ్జిగారు తల వంచి రాసుకుంటున్నారు. శేషగిరి లేచి, విధవరాలిని నొప్పించడం ఇష్టంలేక, రెండు చిన్న ప్రశ్నలు అడిగి కూర్చున్నాడు. జవాబు ముందే తెలియని ప్రశ్న ఎదుటి పక్షం సాక్షిని అడగకూడదని మనకు పుస్తకాల్లో నేర్పుతారు. ఆయన అది పాటించాడు. బాలమ్మను బోను దిగమన్నారు. దిగుతూ కూడా నావైపే చూసింది, ఇంకా అడుగుతానేమోనని.

నా వాదనలో "నమ్మిన స్నేహితుడి గొంతు విని ఆ మనిషి చావుకు నడిచి వెళ్లాడు, ఆ గొంతు లేకపోతే గొడ్డలికి పని లేదు" అన్నాను. ఆ వాక్యం జడ్జిగారికి నచ్చింది. ముగ్గురికీ యావజ్జీవం పడింది. బుచ్చయ్య ఇంటికి వెళ్లాడు. శేషగిరి వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, మీ దగ్గర చాలా నేర్చుకున్నానండీ అన్నాడు.

"నువ్వెందుకు అడగకపోతివి?"

హైకోర్టు అప్పీలు కొట్టేసిన కొన్నాళ్లకు బాలమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆత్మకూరు దాకా నడిచి, అక్కడ బస్సెక్కి వచ్చింది. అరుగు మీద కూర్చోమంటే కింద కూర్చుంది. మంచినీళ్లు తాగి నేరుగా అడిగింది.

"ఆనాడు నేను చెప్పబోతె నువ్వెందుకు ఆపితివి సారూ?"

"కోర్టుల అడిగిందే చెప్పాలమ్మా. కాయిదా గట్లనే ఉంటది."

"మరి నువ్వెందుకు అడగకపోతివి?"

ఇన్నేళ్ల నా నౌకరీలో ఏ జడ్జీ నన్ను అంత సూటిగా అడగలేదు. "ఇప్పుడు చెప్పు, ఏమన్నడు?" అన్నాను.

"మా ఇంటాయన చెప్పులు తొడుక్కుంటుంటే నర్సన్న నా దగ్గరికి వచ్చిండు. మస్తు సంబురంగున్నడు. 'చెల్లె, ఇయ్యాల్టితోని కొట్లాట ఒడిసింది. అయిదుగురికి బువ్వ వండు. రాజీ అయినంక అందరం ఈడనే తింటం' అన్నడు. ఇంట్ల ఉన్న బియ్యమంత ఎసట్ల పోసిన. కోడిని కోసిన. కూర పొయ్యి మీద ఉండంగనే కబురొచ్చె." కొంగుతో మొహం తుడుచుకుంది. "సంపుతరని ఎరుకున్నోడు వండుమంటడా సారూ? సచ్చేటోనికి, సంపేటోనికి ఒక్కకాడ బువ్వ వండుమంటడా?"

మునీరుద్దీన్ సాబ్ వెతకమన్నది అదే. అది దానంతటదే బోనులోకి నడిచి వచ్చి నిలబడితే నేను నోరు మూయించాను.

"పోలీసోళ్లకు చెప్పినవా?"

"చెప్పిన. 'గది అక్కర్లేదు, పిలిచిండా లేదా గంతే చెప్పు' అన్నరు."

నర్సయ్యకు శిక్ష తగ్గించమని సర్కారుకు అర్జీ రాశాను. సర్కారు వకీలు రాయకూడదు కాబట్టి ఇంకో వకీలు పేరుతో పంపాను. చంపుతారని ఈ మనిషికి తెలియదని హతుడి భార్యే అంటున్నదని, వంట సంగతి అంతా వివరంగా రాశాను. నర్సయ్య వేలిముద్ర కోసం జైలుకు నేను వెళ్లలేదు, ఆయన మొహం చూడలేక బాలమ్మనే పంపాను. "నేనే పిలిచిన గద చెల్లె, నాకెందుకు అర్జీ" అని రెండు గంటలు మొండికేశాడట. చివరికి ఆమె చెయ్యి పట్టుకుని వేయించింది.

ఆ అర్జీలో ఉర్దూ కాగితం సంగతి మాత్రం రాయలేదు.

మొదటి తప్పు కంటే ఇది పెద్దది. మొదటిసారి కేసు గెలవాలన్న తొందర అనుకోవచ్చు, కళ్లు మూసుకున్నాను అనుకోవచ్చు. రెండోసారి నాకు అంతా తెలుసు. ఆ కాగితం పెడితే అర్జీ నిలబడేది. కానీ అప్పుడు నువ్వు ఏం చేశావని నన్ను అడుగుతారు. నా ఉద్యోగం, నా పేరు, పిల్లల చదువులు కళ్ల ముందు కనబడ్డాయి. ఒక ఆడమనిషి నోటిమాట చాలులే అనుకుని కవరు అంటించాను.

ఏడాది దాటాక జవాబు వచ్చింది. తోసిపుచ్చారు. కారణం కింద తీర్పులోంచి ఒక వాక్యం ఎత్తి రాశారు. గొంతు, గొడ్డలి అని నేను వాదించిన వాక్యమే అది. జడ్జిగారు దాన్ని మాట పొల్లుపోకుండా తీర్పులో రాసుకున్నారు. ఇంగ్లీషులో ఉన్న ఆ జవాబును తెలుగులో చెప్పమని బాలమ్మ అడిగితే, "సర్కారు ఒప్పుకోలేదమ్మా" అన్నాను తప్ప ఆ వాక్యం చెప్పలేదు.

మీకు చెప్పదలచింది ఇక్కడే చెప్పేస్తాను. మీరు సర్కారు తరఫున నిలబడితే, ముద్దాయికి పనికొచ్చే కాగితం మీ చేతిలో ఉంటే, అది మీది కాదు, అతనిది. అవతలి వకీలుకు భాష రాకపోవడం, అనుభవం లేకపోవడం మీ అదృష్టం కాదు. సాక్షి ఇంకొక మాట అంటే ఆ మాట విన్న తర్వాతే కూర్చోండి. దానివల్ల కేసు పోతే పోనివ్వండి. అన్నదమ్ముల మీద నా దగ్గర గొడ్డలి ఉంది, నెత్తురు బట్టలు ఉన్నాయి, అంగడి తగాదా చూసిన సాక్షులు ఉన్నారు. నర్సయ్య లేకపోయినా ఆ కేసు బహుశా నిలబడేదే. నేను ఆ బహుశాకు భయపడ్డాను.

కాగితం చదివిన రోజు

నర్సయ్య పందొమ్మిదివందల అరవైల చివర్లో విడుదలయ్యాడు. మంచి నడవడికి కోతలన్నీ పోను కూడా పదేళ్ల పైచిలుకు లోపలే ఉన్నాడు. నేను రిటైర్మెంటుకు దగ్గర పడ్డాను. ఆఫీసులో పాత కట్టలు తగలబెట్టే ముందు ఆ కాగితం నకలు వెతికి తీసుకున్నాను. దాన్ని జేబులో పెట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఊరికి వెళ్లాను.

నర్సయ్య ఇల్లు కూలిపోయి ఉంది. మగ్గం గుంట మట్టితో పూడిపోయింది. లక్ష్మమ్మ చనిపోయి అప్పటికి రెండేళ్లు. ఆయన బాలమ్మ వాకిట్లో పందిరి కింద కూర్చుని గొర్రెపిల్లకు తుమ్మకాయలు తినిపిస్తున్నాడు. చూపు మందగించింది, మగ్గం మీద కూర్చునే చూపు కాదు. బాలమ్మ నన్ను గుర్తుపట్టి, "అన్నా, కోర్టు సారొచ్చిండు" అంది. ఆయన లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు, జైలు అలవాటు. కూర్చోబెట్టడానికి కొంచెంసేపు పట్టింది.

అంతా చెప్పాను. ఠాణాలో బుచ్చయ్య మొదటి మాట, శేషగిరి అడిగింది, నేను ఆడిన అబద్ధం, బాలమ్మను ఆపడం, అర్జీలో దాచడం. ఏదీ తగ్గించలేదు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. బాలమ్మ గోడకు ఆనుకుని విన్నది. అర్జీ సంగతి దగ్గర ఒక్కసారి, "అప్పుడు కూడనా సారూ?" అంది.

నర్సయ్య గొర్రెపిల్ల వీపు నిమురుతున్నాడు.

"కోర్టులో ఎందుకు చెప్పలేదయ్యా? రాజీ అని చెబితేనే పిలిచినానని ఒక్క మాట ఎందుకు అనలేదు?" అని నేనే అడిగాను.

"ఏమని చెప్పాలె సారూ? మల్లయ్య కింద పడ్డంక నా దిక్కు సూసిండు. 'బావా' అన్నడు. నువ్వు గిట్ల జేస్తివా అన్నట్టు అన్నడు. నాకు ఎరుకలేదని ఆనికి చెప్పకపోతి. ఆనికి చెప్పని మాట మీకు చెప్పి ఏం ఫాయిదా?"

నర్సయ్య గొర్రెపిల్లను పక్కకు జరిపి నావైపు తిరిగాడు.

"గా కాగితం తెచ్చిండ్రా సారూ?"

"తెచ్చిన."

"అండ్ల నా సంగతి ఏమున్నదో జర సదువుండ్రి."

ఉర్దూలో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ చదివాను. నర్సయ్యకు రాజీ చేసుకుంటామని చెప్పి పంపాము. మా మనసులో ఉన్నది అతనికి చెప్పలేదు.

"ఇంకొక్కపారి సదువుండ్రి."

మళ్లీ చదివాను. ఆయన పెదవులు నా వెంట కదిలాయి.

"లచ్చుమమ్మ ములాఖత్‌కు వచ్చినప్పుడల్ల ఒక్కటే అడిగేది సారూ. 'నిజం చెప్పు, నీకు ఎరుకేనా?' అని. లేదే అంటె నమ్మలే. గీ బాలమ్మ కూడ పోయి చెప్పింది. 'నువ్వు మంచిదానివి గనక గట్ల అంటున్నవు వదినె, ఎరుక లేకుంటె కోర్టు ఊకెనే శిక్షేస్తదా' అన్నదంట. అటెంక రావుడు బందు జేసింది. ఒక్కతే మగ్గం మీద కూసొని కూసొని పోయింది." ఆయన చెయ్యి చాపి నా చేతిలోని కాగితాన్ని ఒకసారి ముట్టుకుని, తీసుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. "నాకు జైలు తప్పకపోయినా మానె. గీ రెండు ముక్కలు దానికి సదివి ఇనిపిస్తె సాలుతుండె సారూ."